తెరిచిన గేటు

మా వైపు పసిపిల్లకైనా తెలిసిన మర్యాద ఒకటుంది:
ఎవరి పొలంలోంచి నడిచి వెళ్ళినా
తెరిచిన గేటు నువ్వే మూసి వెళ్ళాలి.
లేకపోతే గొర్రెలు రోడ్డెక్కుతాయి.

నన్ను తెరిచినవాడు మూయలేదు.

యాభై ఎనిమిది, ఫిబ్రవరి. ఐర్లండు దక్షిణాన ఒక ఆసుపత్రి.
అట్రాక్టా నా పేరు. ఇరవై మూడేళ్ళు. తొలిచూలు.
ఏడో నెల దాకా గుడ్ల బుట్ట హేండిల్‌కి తగిలించి
ఆరు మైళ్ళు సైకిల్ తొక్కినదాన్ని,
ఎదురుగాలిలో, పాడుకుంటూ.

నొప్పులు ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ ఒక రాత్రి.
నా కాళ్ళు రెండూ ఎత్తి కట్టేశారు.
చుట్టూ తెల్లకోటు కుర్రాళ్ళు తొమ్మిదిమంది.
లెక్కపెట్టాను. లెక్కపెట్టడం తప్ప నా చేతిలో ఏముంది?
ఒకడికి బూటు లేసు ఊడిపోయింది,
చూసుకోలేదు పాపం.
సిస్టర్ బెనిగ్నస్ చెవి దగ్గర వంగి
"దేవుడికి అర్పించుకో తల్లీ" అంది.
దేన్ని, అని నేను అడిగేలోపు
డాక్టరు రంపం అడిగాడు.

తీగలాంటిది. నాకు తెలిసిన వస్తువే.
మా ఇంట్లో దూడల కొమ్ములు కోసేది అలాంటిదే.
మా నాన్న, ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే,
చొక్కా చేతులు పైకి మడిచి, ముందు దాని నుదురు నిమిరి
"ఇదిగో బంగారం, ఇప్పుడు చెయ్యి పెడతాను,
కాస్త ఓర్చుకో" అని చెప్పేవాడు.

ఆవుకి.

నాకెవరూ చెప్పలేదు.
ఎముక విడిన చప్పుడు మాత్రం విన్నాను,
ఎండు కొమ్మ మీద కాలేసినట్టు.
డాక్టరు కుర్రాళ్ళకేసి తిరిగి అన్నాడు:
"గేటు కాస్త వెడల్పు చేశాం, అంతే."

పాప బతికింది. గొబ్నెట్ అని పెట్టుకున్నాం.
పండంటి పిల్ల. నేను ఎత్తుకోలేకపోయాను.
మూడు నెలలు మా ఆయన కార్మక్
పిల్లని తెచ్చి నా పక్కలో పెట్టి, తిరిగి తీసుకెళ్ళేవాడు,
పోస్టు తెచ్చేవాడిలా, మాట్లాడకుండా.
కాన్పంటే ఇదే కాబోలు అనుకున్నాను.
మా అమ్మ ఏడుగుర్ని కంది. ఎలా నడిచేదో మరి
అని ఆశ్చర్యపోయాను.

బాతు నడక. బడి పిల్లలు నా వెనక నడిచి చూపించేవాళ్ళు.
సైకిల్ కొట్టంలోనే ఉండిపోయింది,
గొలుసు తుప్పు పట్టి, సీటు మీద కోళ్ళు పడుకుని.

నలభై ఆరేళ్ళ తర్వాత గొబ్నెట్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే
నా కాగితం ఒకటి వచ్చింది.
ఆ పనికి గ్రీకులో పొడుగాటి పేరుందట, నాకు నోరు తిరగదు.
"కటి వెడల్పు చేయడమైనది. రోగి సౌఖ్యముగా ఉన్నది.
తదుపరి కాన్పులకు అనుకూలము."
అనుకూలమట! ఆ తర్వాత కాన్పే లేదు.
ఆ సంగతి రాసుకోవడానికి వాళ్ళెవరూ రాలేదు.
సమ్మతి అని ఒక గడి గీసి
ఖాళీగా వదిలేసినా ఇంత బాధ ఉండేది కాదేమో.
ఆ గడే లేదు.

ఇంకొకటి చెప్పాలి.
మా చర్చిలో మూడో వరసలో ఒకావిడ.
ప్రసాదానికి లేచి ముందుకు వెళ్తుంటే
ఎప్పుడూ వెనకనుంచే చూసేదాన్ని:
ఎడమ తుంటి ముందు, కుడిది ఆలోచించుకుని.
నా నడకే, ఆవిడ కోటులో.
ముప్పై ఏళ్ళు వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.

ఆ కాగితం వచ్చిన వారం, బస్టాపులో,
వాన. ఇద్దరమే.
"ఏ సంవత్సరం?" అన్నాను.
దేని సంగతని ఆవిడ అడగలేదు.
"అరవై ఒకటి" అంది.
గొడుగు నావైపుకి కొంచెం జరిపింది.

బస్సు వచ్చింది. మెట్టు ఎత్తు.
వదిలేశాం.
తర్వాతదీ.