రుమాలు

నాలుగో నెల జీతం కూడ రాలే.
కంపెనీ గేటుకు తాళం,
తాళం మీద అరబ్బీల కాయితం.
షార్జా అవతల సజ్జా క్యాంపుల
కరెంటు తీసేసినంక
రాత్రిళ్లు డాబా మీద పండేటోళ్లం,
పగటి ఎండను సిమెంటు ఇంకా కక్కుతుంటే.

ఆ రాత్రుల్లనే మా గంగమల్లు జోకులు చెప్పేటోడు.
అన్నీ సర్దార్జీల మీదనే.
ఒక సర్దార్జీ బల్బు మార్చబోయిండట,
ఒక సర్దార్జీ రైలెక్కిండట.
ఉత్త కడుపుతోటి నవ్వితే
పక్కటెముకలు గుంజుతయని
అప్పుడే తెలిసింది నాకు.
ముప్పై ఏడేండ్లొచ్చినా
ఒక్క సర్దారును దగ్గరనించి చూసినోణ్ని కాను.

తొమ్మిదో నాడు పొద్దుమూకంగ
నీళ్ల ట్యాంకరొకటి వచ్చి ఆగింది.
దిగినాయన గడ్డం నిండ ఇసుక. పేరు లఖ్మీర్ సింగు.
పక్క సీట్ల పెద్ద పప్పుగంజు,
దానికి బెల్టు పెట్టిండు
బడికి తోల్కపోయే పిల్లకు పెట్టినట్టు.
ఏ దేశమోళ్లని అడగలే.
ఎంతమంది అని అడిగిండు.
నూటపదకొండు, అన్న.
నా దిక్కు వేలు చూపి
నూటపన్నెండు, అన్నడు.

గంగమల్లు దిక్కు మేమెవ్వరం చూడలే.
వాడు రొట్టె తుంచి
నోట్లె పెట్టుకోక
చాన సేపు చేతులనే పట్టుకున్నడు.

ఆ వారమే మమ్ముల జెబెల్ అలీకి తీస్కపోయిండు.
గురుద్వారా గడప కాడ బుట్ట, బుట్ట నిండ బట్టముక్కలు.
"రుమాల్" అన్నడొక పిలగాడు, నా తల చూపి.
ఆ మాటకు నిలవడిపోయిన.
మా తాత చుట్టేది కూడ రుమాలే.
దొర గడి ముందటికెళ్లి పోవాలంటే
విప్పి చంకల పెట్టుకునేటోడు,
తల మీదుంటె తప్పని.
ఈడ
తల మీద లేకుంటె తప్పట.

ముడి పడలే, చేతులొణికినయ్.
ఉల్లిగడ్డ బస్తా దించుతున్న మర్దాన్ పఠాను,
టాక్సీ నడిపే గుల్‌జమీన్,
బస్తా పక్కకు పెట్టి వచ్చి కట్టిండు.
గట్టిగనే కట్టిండు, చెవులు నొచ్చినయ్.

లోపల పొడుగు చాపలు. పంగత్ అంటరట.
మేం బంతి అంటం.
బంతిల వలపక్షం కూడదని సామెత చెప్పుకుంటనే
మా వాడోళ్లను కోళ్లగూడు పక్కకు
ఆఖరి బంతికి కూసోబెట్టే ఊరు నాది.
మాకు అడుగు పప్పు, మాడిన బువ్వ.
అలవాటు పోతదా? పోయి చాప చివరన కూసున్న.
డ్యూటీ దిగి వచ్చిన కేరళ నర్సు స్టెల్లా
వడ్డన ఆ చివరినించే మొదలువెట్టింది.
ఎందుకో తెల్వదు.
గంజు ఆ దిక్కే ఉండె కావచ్చు.

దినాం గంజులు తోమిన. కేసు నడిచింది, నడవలే.
ఉపాసాల నెలల ఓనాడు నన్ను పొయ్యి కాడికి పిలిచిన్రు.
నాకొచ్చింది ఒక్కటే, పచ్చిపులుసు.
ఎండుమిర్పకాయలు నిప్పుల కాల్చి
చింతపండు నీళ్లల్ల పిసికిన.
ఖర్జూరం తిన్న వెంబడే గిన్నెడు ఎత్తి తాగిండు గుల్‌జమీన్.
నీళ్లా ఇవి, నిప్పులా, అని దగ్గుకుంట
మళ్ల గిన్నె చాపిండు.
లఖ్మీర్ సింగు గడ్డం తుడుసుకుంట ఏడ్చిండు,
మిర్పకాయకే.

గంగమల్లు టికెటు పైసలు వాళ్లే జమచేసిన్రు.
ఎయిర్‌పోర్టుల వాడు ఊకుండలేక
"ఒక సర్దార్జీ ఉండెనట..." అని నోరు జారి
నాలిక కర్సుకున్నడు.
లఖ్మీర్ సింగుకు ఆ ఒక్క మాట అర్థమైంది.
"బల్బుదా, రైలుదా?" అని అడిగిండు.
రైలుది, అన్నడు వాడు నేల చూసుకుంట.
చెప్పు, ఇంకా టైముంది.
వాడికి చివర మతికి రాలే.
ఆయనే చెప్పిండు,
మాకన్న మంచిగ చెప్పిండు.

గంగమల్లు సంచిల ఆరు రొట్టెలు.
నా జీతం ఇంకా కోర్టులనే ఉన్నది.
రేపు పెద్ద గంజు నా వంతు,
అడుగు మాడిందట, ఇయ్యాల్నే నానబెట్టాలె.