తాళాల గుత్తి

రాత్రి పదకొండున్నర. యలహంక దాటాక
వానలో బస్సులు తక్కువ.
ఎలకల గదిలో మాత్రం పట్టపగలు,
వాటికి పొద్దు తిరగేసి పెట్టాం.

పదిహేడో నంబరు ఎలక
వీపు తోలు కింద చిక్కుడుగింజంత పంపు.
అక్కణ్ణించి వెంట్రుకంత గొట్టం
మెడ మీదుగా పుర్రెలోకి.
పుర్రె మీద పంటి సిమెంటు టోపీ.
ఆ టోపీ పెట్టిన చేతులు నావే.
అంతకు నెల ముందు సూది పొడిచి
దానికి మూర్ఛ తెప్పించిన చేతులూ నావే.
థీసిస్‌లో ఇలా రాయను.
"జంతువులను సిద్ధం చేయడమైనది" అని రాస్తాను.

మూర్ఛ మొదలయ్యే చోటు
సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది.
గంటకి, చుక్కలో రెండువందలో వంతు మందు
సూటిగా ఆ గుర్రం నోటికే.
కడుపు ఎరగదు, కాలేయం ఎరగదు,
నెత్తురుకి కూడా కబురుండదు.

మా అక్క నాగవేణికి అలా కుదర్లేదు.
పొద్దున రెండు, రాత్రి మూడు మాత్రలు.
ఒక్క మొక్క కోసం ఊరంతా వాన.
చిగుళ్లు వాచాయి. మాటలు వెతుక్కుంటుంది.
ఉప్పు అందక "తెల్లది, కూరలోది" అంటుంది.
పీణ్యలో చొక్కాల కంపెనీ
కుట్టుమిషను మీద పడ్డ రోజే
లెక్క తేల్చి పంపేసింది.

ఆమెకి ఫిట్సు వస్తే మా జేజి
బీరువా తాళాలు పిడికిట్లో కుక్కేది.
ఇనుము తగిలితే దిగిపోతుందని.
దిగిపోయేది కూడా.
రెండు నిమిషాలకి దానంతటదే దిగుతుందని
నేను ఎమ్మెస్సీలో చదువుకున్నాను.
జేజికి చెప్పలేదు.

తెర మీద గీత ఉన్నట్టుండి రంపమైంది.
పదిహేడు కాదు. ఇరవైరెండు.
ముందు మూతి, తర్వాత ముందరి కాళ్లు,
వెనక కాళ్ల మీద లేచి, పక్కకి ఒరిగి.
దానికి పోతున్నది మందో ఉప్పునీళ్లో
నాకు తెలియకూడదు. తెలియదు.
సీలు వేసిన కవరు మా సారు సొరుగులో ఉంది.
సెకన్లు లెక్కపెడుతున్నాను,
ముప్పై ఒకటి, ముప్పై రెండు,
లెక్క తప్పింది. చూసుకుంటే
గది తాళాల గుత్తి
పంజరం ఊచలకి ఆనించి పట్టుకుని ఉంది
నా చెయ్యి.

గుమ్మంలో పుట్టస్వామి, మేత బస్తా భుజాన.
చూశాడు. ఏమీ అడగలేదు.
"పాప" అన్నాడు.
కన్నడంలో అది జాలి, తెలుగులో పసిపిల్ల.
ఎలకనన్నాడో నన్నన్నాడో.

నోట్‌బుక్కులో నలభై ఆరు అని రాశాను, రికార్డింగు చూసి.
తాళాల సంగతికి అందులో గడి లేదు.

శుక్రవారం వీటి మెదళ్లు కోయాలి
ఉల్లిపొర కంటే పలచగా.
అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ
"ఎలకలకి తగ్గిందా?" అంటుంది.
కొన్నిటికి తగ్గిందంటాను.
కాసేపు మాట కోసం వెతుక్కుని, అక్క:
"తగ్గినవాటిని, మరి,
ఇంటికి పంపేస్తారా?"