మూడు మిల్లీమీటర్ల వెనక

మూసిన రెప్ప మీద జెల్లు.
"సల్లగున్నది బిడ్డా" అంటాడు ఆడెపు మొగిలి,
కొత్తవాడ నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్నవాడు.
పద్నాలుగేళ్ల షుగరు. ముప్పై తొమ్మిదేళ్ల దరీలు.

కదలొద్దు తాతా. రెప్ప కింద చూపు కూడా కదలొద్దు.

తెర మీద కనుగుడ్డు నల్లటి గిన్నె.
దాని వెనక, తెల్లటి కొవ్వు మధ్య
సన్నగా దిగిపోయే నీడ. అదే నరం.
గుడ్డు దాటి మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆపి
ఈ అంచున ఒక చుక్క, ఆ అంచున ఒక చుక్క.
కుడి, మూడు పాయింట్ ఒకటి.
ఎడమ, రెండు పాయింట్ ఆరు.

"ఎన్నో నంబరు నూలు?" అడుగుతాడు.
నవ్వబోయి ఆగాను.
"రెండంచులు ఒక్కతీరు లేకుంటే దరి వంకరవోతది,
నాకు తెల్వదా."

మళ్లీ కొలిచాను. మళ్లీ అదే.
అంకె రాయడం వరకే నా పని.
దాని అర్థం చెప్పే సారు పక్క గదిలో,
ఆయన తలుపు ముందు ఇంకా పదిహేడు మంది.

"లోపల ఏ రంగున్నది?"
నలుపే తాతా.
"నల్లరంగు వట్టిన నూలు జర బిరుసు.
కరెంటు వోయినా గుంటమగ్గంల కూసోని
ఏళ్లతోనే ఏరేటోణ్ణి."
బొటనవేలితో చూపుడువేలి కొన రుద్దుకుంటాడు,
లేని పోగును పేనుతున్నట్టు.
"ఇప్పుడు ఏళ్లకు సుత తెలుస్తలేదు."

తుడుచుకొమ్మని గుడ్డ ఇచ్చాను.
తుడుచుకోలేదు.
చెంపకు ఆనించుకుని, కళ్లు తెరవకుండానే
"మిల్లుది" అన్నాడు.