పదిహేనో రోజు

ఆండాళ్ళత్త తమిళం గడగడా మాట్లాడుతుంది,
కూరల బజారులో అరవవాళ్ళతో బేరమాడి గెలిచొస్తుంది,
చదవడం మాత్రం రాదు.
అక్షరమంటే ఆమెకి గుండ్రంగా ఉండాలి,
మా తాత పలక మీద దిద్దించినట్టు.
అందుకే పెరంబూరు నుంచి ఫోను:
"మీ మామకి మళ్ళీ ఉత్తరమొచ్చింది, వచ్చి చదివిపెట్టు."

మామ పోయి రెండేళ్ళు.

కవరు మీద ఇంకా శ్రీ ఉంది.
లోపల: సెట్‌టాప్ బాక్సు తిరిగి ఇవ్వలేదు,
బాకీ పద్ధెనిమిది వందల నలభై,
పదిహేను రోజుల్లో కట్టనిచో
తగు చర్య తీసుకోబడును.
తమిళంలో కోపంగా ఉన్నది
నా నోట తెలుగులోకొచ్చేసరికి కొంచెం నత్తింది.

"తగు చర్యంటే?"
"ఏం లేదత్తా, ఊరికే బెదిరింపు."
"ఊరికే ఎవరైనా అచ్చేసి పంపుతారా?"

బీరువా అడుగు నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
అందులో రేడియో లైసెన్సు పుస్తకం.
ఏడాదికొక బిళ్ళ, బిళ్ళ మీద పోస్టాఫీసు ముద్ర,
డెబ్బై మూడు నుంచి వరసగా.
డెబ్బై తొమ్మిది పేజీ ఖాళీ.
వేలు ఆ ఖాళీ మీద పెట్టి చెప్పింది:
"ఆ ఏడు మిల్లు లాకౌటు.
సైకిలు మీద ఇన్‌స్పెక్టరొచ్చాడు.
మీ మామ రేడియో మీద తువ్వాలు కప్పాడు,
ఆపడం మరిచిపోయాడు.
తువ్వాలు కింద వార్తలు చదువుతూనే ఉన్నారు.
నేను కాఫీ ఇచ్చాను.
ఆయన తాగి, వాన కబురు దాకా విని,
వచ్చే నెల కట్టెయ్యండని లేచాడు.
కట్టలేదు.
ఇది దాని వడ్డీ ఏమో."

"ఆ లైసెన్సులే ఎత్తేశారు కదత్తా!"
"ఎత్తేసింది వాళ్ళు. ఎగ్గొట్టింది మేము."

ఫోను చేశాను.
తమిళానికి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, హిందీకి మూడు.
తెలుగుకి అంకె లేదు.
నలభై నిమిషాలు వీణ వాయించారు.
అత్త చెవి దగ్గర పెట్టుకుని, శ్రుతి జారిందంది.
చివరికొక పిల్ల: ఖాతాదారుకి ఇవ్వండి.
ఇవ్వలేమన్నాను.
ఊళ్ళో లేరా?
అత్త ఫోను లాక్కుంది. "లేరమ్మా."
ఎప్పుడొస్తారు?
అత్త నా వంక చూసింది,
ఆ ఒక్క ముక్కకీ
అర్థం చెప్పమన్నట్టు.

ఆదివారం కాగితాలతో వస్తానన్నాను.
ప్రెస్సులో లెక్కల తనిఖీ, రాలేదు.
పై ఆదివారమూ రాలేదు.
పదిహేనో రోజు సాయంత్రం పరిగెత్తుకెళ్తే
తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.
అత్త ఆవపువ్వు రంగు నేతచీర కట్టుకుని
కుర్చీలో నిటారుగా కూర్చుంది.
డికాక్షను దిగి ఉంది. మూడు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.
"చర్య తీసుకునేవాళ్ళు ఎంతమందొస్తారో తెలీదుగా."

ఎవరూ రాలేదు.
పాల మీద మీగడ కట్టింది.
ఇద్దరం తాగాం. మూడోది కింది వాటా సెల్వికి.

మర్నాడు మరణపత్రం నకలు, ఆధారు, బాక్సు
సంచిలో వేసుకుని ఆటోలో కౌంటరుకి.
అత్త తెలుగులో సంతకం చేసింది, కొమ్ములన్నీ సరిగ్గా తిప్పుతూ.
ఇదేం భాషమ్మా అన్నాడు కుర్రాడు.
"భాష కాదు తంబీ, నా పేరు."
బాకీ కొట్టేశాడు, రసీదు ఇచ్చాడు.
అప్పుడు కొంగు ముడి విప్పి
పదిహేను రూపాయలు బల్ల మీద పెట్టింది.
"ఇది రేడియోది."
వాడు నన్ను చూశాడు. నేను గోడను చూశాను.
ఇలాంటిది వేసుకోవడానికి కంప్యూటర్లో
చోటు లేదు పాట్టీ, అని
నాణేలు మెల్లగా వెనక్కి జరిపాడు.

తిరిగొస్తూ ఆటో ఆపమంది.
ప్రసారం ఆగి ఏడాదైనా ఆ బాక్సు ప్లగ్గు
పీకలేదట తను.
రాత్రి బాత్రూముకి లేస్తే
దాని ఎర్ర చుక్కే దారి.
ఇప్పుడొక జీరో బల్బు కావాలి, ఎర్రది.
కొట్టువాడి దగ్గర నీలమే ఉంది.
కాసేపు చేతిలో తిప్పి చూసి
రేపు చూద్దాంలే అంది.