గుండు, బద్ద, ముక్క

ఎంత, అని అడిగారు.

నా కెమెరాకి చాలా తెలుసు.
ఏ మూల నిలబడితే ముక్కుపుడక మెరుస్తుందో,
మండపంలో పచ్చ లైటు ఎవరి బుగ్గలకి కామెర్లు పూస్తుందో.
ఎంత అన్న మాటకి మాత్రం
దానికీ నాకూ ఒకేసారి ఫోకస్ పోయింది.

"నాలుగు వేలండి" అన్నాను.
అవతల నోరు తెరిచేలోపే
"మీరు చూసి ఇవ్వండి" అని
నన్ను నేనే తగ్గించుకున్నాను.

కాశీబుగ్గలో దుర్యోధనరావు గారింట నిశ్చితార్థం.
స్టేజీ పూలకి పద్దెనిమిది వేలు.
ఐస్‌క్రీం బండికి ఏడు.
నాకు భోజనం ఆఖరి బంతిలో,
పెరుగు అయిపోయాక.
"నొక్కడమే కదమ్మా,
ఇప్పుడు రీలు కూడా కడగక్కర్లేదు"
అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ,
నాలుగోసారి తన ఫోటో తీయించుకుంటూ.

చూసి ఇచ్చారు. మూడు వేల ఎనిమిది వందలు.

రాత్రి బిల్లు పుస్తకం వెనక రాసుకున్నాను:
లైటు పట్టిన తారకేశుకి ఆరు వందలు,
ఆటో, రానూ పోనూ, మూడు వందల ఇరవై,
శ్రీకాకుళంలో ఆల్బం రెండు వేల ఆరు వందలు,
అది బస్సులో వచ్చినందుకు తొంభై.
మిగిలింది నూట తొంభై.
అందులో కెమెరా కిస్తీ లేదు.
మూడు రాత్రులు కూర్చుని
ఆ మేనమామ మెడ మీద పులిపిరి చెరిపిన
నా కళ్ళు లేవు.

అమ్మ పలాస జీడి ఫ్యాక్టరీలో
పంతొమ్మిదేళ్ళుగా పిక్క కొడుతోంది.
"ఏటే గుంటా, ఆ లెక్క?" అంది.
చదివి వినిపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, కంచం కడుగుతూ, గోడకి చెప్పినట్టు:
"గుండుకో రేటు, బద్దకో రేటు, ముక్కకో రేటు.
మా సావుకారు ఎప్పుడైనా
సూసి ఇయ్యండి అన్నాడేటే?"

మరి నీ చేతికో, అన్నాను.
తడి అరచెయ్యి దీపం వైపు తిప్పి చూసుకుంది.
జీడి రసం తిన్న వేళ్ళు,
గీతలు మాసిన చోట నలుపు.
"దీనికెవులూ కట్టనేదు.
నానూ అడగనేదు."
చెయ్యి కోకకి తుడుచుకుని పడుకుంది.

తెల్లారి అట్టముక్క మీద స్కెచ్‌తో రాశాను.
గుండు: ముహూర్తం నుంచి అప్పగింతలదాకా.
బద్ద: ఒక పూట.
ముక్క: బారసాల, కేకు, గంటలో తెమిలేవి.
అడ్వాన్సు సగం. రాత్రి పది దాటితే వేరే.
మేనమామలకి వేరే, అని రాసి
కొట్టేశాను.

మధ్యాహ్నం మందస నుంచి ఫోను.
గృహప్రవేశమట. ఎంత తీసుకుంటారు?
అట్టముక్క చూడకుండానే
"పదకొండు వేలు" అన్నాను.

అవతల నిశ్శబ్దం.
ఎవరి కుక్కరో రెండు కూతలు కూసింది.
ఇలాంటి ఖాళీల్లోనే ఇన్నాళ్ళూ
ఐదేసి వందలు పోసి పూడ్చేదాన్ని.
ఈసారి,
వెలుగు చాలని చోట స్లో షట్టరు పెట్టి
మోచెయ్యి డొక్కకి ఆనించి
ఊపిరి బిగబట్టినట్టు
ఊరుకున్నాను.
కదిలితే బొమ్మ చెదిరిపోతుంది.

"మా ఆయన్నడిగి సెప్తాను" అని పెట్టేసిందావిడ.

ఇంకా చెప్పలేదు.
బ్యాటరీలు రెండూ చార్జింగులో పెట్టాను.