రాత్రి కూలోడు

చీపురుపల్లి సెక్షన్లో లైన్‌మన్‌ని.
చీకటి ఎక్కడుందంటే అక్కడికి
నిచ్చెన మోసుకెళ్లడం నా పని.

ఆషాఢంలో ఎవరి కాలికిందో పాము కదిలిందని
పంచాయతీ తీర్మానం చేసి
తవిటమ్మ ఇంటి మూల మీద తెల్లదీపం పెట్టించింది.
బిగించింది నేనే.
నలభై ఐదు వాట్లు. చీమ నడిచినా కనిపిస్తుంది.

కార్తీకంలో ఆమె నా బండికి అడ్డం నిలబడింది.
"నీ దీపం వొచ్చిన కాడ్నుంచి
నా ఆనపపాదు గొడ్డుపోనాది నాయినా."
దీపానికీ ఆనపకాయకీ ఏటమ్మా సంబంధం?
"బేగి రా. సూపిత్తాను."

పందిరి కింద నేలంతా పిందెలే.
చిటికెన వేలంత ఎదిగి, పసుపెక్కి, రాలినవి.
ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది
కరెంటు బిల్లు పెట్టినట్టు.

"ఆడపువ్వుకి కింద పిందుంటాది. మగదానికి ఉత్త కాడే.
రెండూ సందేళ ఇచ్చుకుంటాయి.
తేనెటీగలు పొద్దుగూకితే గూటికెల్లిపోతాయి గదా,
మరీటికి పెళ్లి సేసీదెవుడు?"

నాకు తెలీదు.
మైలు దూరంలో వైరు తెగితే వాసన పడతాను.
ఇది తెలీదు.

"రాత్రి కూలోడొకడున్నాడు" అంది.
మట్టిరంగు రెక్కలట. పువ్వు మీద వాలడట,
గాల్లో నిలబడే తాగుతాడట.
మూతి దగ్గర చుట్ట చుట్టిన నాలిక,
విప్పితే వేలెడు.
"కూలి అడగడు, సెలవడగడు.
ఇప్పుడాడు ఎక్కడున్నాడో సూడు."

చూశాను.
ఒకడు కాదు.
నా దీపం చుట్టూ
డ్యూటీ దిగడం మరిచిపోయినవాళ్లలా తిరుగుతున్నారు.
స్తంభం మీద బల్లి బాగా ఒళ్లు చేసింది.
పాతికడుగుల అవతల
తెల్లగా విచ్చిన పువ్వులు అలాగే ఉన్నాయి.
పలాస పాసింజరు వెళ్లింది. నేల కొంచెం అదిరింది.

ఇన్నేళ్లూ వాటిని దీపప్పురుగులే అనుకున్నాను,
దీపం కోసం పుట్టి దీపం దగ్గరే చచ్చేవని.
వాటికి వేరే ఉద్యోగం ఉందని
ఎవరూ చెప్పలేదు.

తీసేస్తే పాములు. ఉంచితే పిందెలు.
ఆమె మాత్రం మునికాళ్ల మీద నిలబడి
మగపువ్వు తుంచి ఆడపువ్వుకి రాస్తూ
"ఈ వొయిసులో పెళ్లిళ్ల పేరమ్మనైపోనాను" అని నవ్వింది.

ఆదివారం నూనెడబ్బా కత్తిరించి
దీపానికి రేకుటోపీ పెట్టాను.
తెల్లది తీసి పసుప్పచ్చది బిగించాను.
వెలుగు రోడ్డు మీద పడుతుంది, పందిరి మీద పడదు.
దీపం మసకేసిందని ఎదురింటి దాలినాయుడి ఫిర్యాదు.
ఏఈ గారు ఫోను చేశారు.
రిపేరు జరుగుతోంది సార్, అన్నాను.
అబద్ధం కాదనే అనుకుంటున్నాను.

కాసిందా అని అడక్కండి.
మూడు కాయలు. ఒకటి వంకర.
రేకు వల్లో, ఆమె వేళ్ల వల్లో.
పుష్యమాసం మంచుకి పాదు ఎండిపోయింది.
గింజలు మాత్రం గుడ్డలో కట్టి దూలానికి వేలాడేసింది.

నిన్న రాత్రి గరివిడి దారిలో ఫ్యూజు పోతే
స్తంభం ఎక్కాను.
నుదుటి టార్చి మీద వచ్చి కొట్టుకున్నాడు ఒకడు.
మూతికి మీగడరంగు పిండి.
ఎవరి పెరట్లోనో
పని సగంలో వదిలి వచ్చినట్టున్నాడు.

టార్చి ఆర్పేశాను.
కింద జనం అరుస్తున్నారు, ఇంకా ఎంతసేపని.
చీకట్లో స్తంభాన్ని వాటేసుకుని
వాడు వెళ్లేదాకా ఉన్నాను.