కూర్చునే చోటు

మూడు జిల్లాలకు కలిపి మా ఆఫీసు ఒక్కటే గది,
చెప్పులు బాగుచేసే కొట్టు మీద.
కింద సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా
నా టీ కప్పులో చిన్న అల లేస్తుంది.
ఇద్దరం ఉద్యోగులం. ఒక ఫోను. హీటరు పనిచేయని వ్యాను.
'పెద్దవాళ్ల కోసం' అని తలుపు మీద ఉంటుంది.
ఆ 'కోసం' మీద ఇడ్వాల్‌కి ఎప్పుడూ పేచీయే:
"'పెద్దవాళ్లతో' అని రాయించమ్మా, రంగు డబ్బా నేను తెస్తా."

ఇడ్వాల్ నలభై ఏళ్లు గనిలో పలకరాయి చీల్చినవాడు.
ఆయన ఊపిరితిత్తుల్లో కొంత గని ఇంకా మిగిలే ఉంది.
ఇంటి నుంచి మందుల షాపుకి
ఆరు వందల పన్నెండు అడుగులు, అన్నీ దిగుడే.
తిరిగొచ్చేటప్పుడు అంకె మారదు,
మనిషి మారతాడు.
దారిలో ఎర్ర పోస్టు డబ్బా ఒకటుంది.
దాని నెత్తిన చెయ్యేసి నిలబడతాడు,
ఉత్తరం వేయనా మాననా అని తేల్చుకోలేనివాడిలా.
"ఈ నటన మొదలై నాలుగేళ్లు" అన్నాడు నాతో,
"పెన్‌గార్థ్‌లో నా అంత ప్రేమలేఖలు రాసేవాడు లేడనుకుంటారు."

అయిదు బెంచీలు కావాలని అర్జీ పెట్టాం.
కౌన్సిలు అడిగింది: అవసరానికి లెక్కలేవి?
ఆ వీధిలో ముసలివాళ్లు నడుస్తున్న జాడే లేదే?
కూర్చునే చోటు లేకే నడవటం లేదండీ, అని రాశాను.
నడవనివాళ్లకి కూర్చునే చోటెందుకు, అని జవాబు.
నిబంధన ప్రకారం రెండు భాషల్లో వచ్చింది.
వెల్ష్‌లో చదివినా ఇంగ్లీషులో చదివినా
మోకాలి నొప్పి ఒకటే.

గురువారం భోజనాల దగ్గర
బడిలో వంట చేసి రిటైరైన కైన్‌వెన్
గరిటె ఊపుతూ అంది:
"లేని బెంచీని చూపించలేం సరే,
ఉన్న కుర్చీని చూపించొచ్చుగా."

మార్చి నెల. వాన అడ్డంగా కొడుతోంది.
తలుపులు తెరుచుకుని
వంటింటి కుర్చీలు వీధిలోకొచ్చాయి,
ఒక చంకలో కర్ర, ఒక చంకలో కుర్చీ.
మోర్విద్ తన పియానో పీట తెచ్చుకుంది, మఖ్మల్ తడవకుండా
దాని మీద రొట్టెల సంచి కప్పి.
గొర్రెల కంచె తగాదాతో పదకొండేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు
చెరో కొస పట్టుకుని ఒక బల్ల మోసుకొచ్చారు,
మాట్లాడకుండానే.
నూరడుగులకొకరు, కొండ మొదలు దాకా,
కూర్చున్నారు. అంతే. నినాదాల్లేవు.
కార్లు ఆగాయి. ఎవరో పిల్లవాడు
కుర్చీ కుర్చీకీ పరుగెత్తి బిస్కెట్లు పంచాడు.
మధ్యాహ్నానికి కౌన్సిలు మనిషి గొడుగుతో దిగి
లెక్క రాసుకుని వెళ్లాడు.
లెక్కలేవని కదా అడిగింది.

బెంచీలు సెప్టెంబరులో వచ్చాయి. రెండు.
అప్పటికి మోర్విద్ లేదు.
ఆ పీటని వాళ్ల మేనకోడలు మాకిచ్చింది,
ఇప్పుడు దాని మీద ప్రింటరుంది.
ఇంత మంచి పీట మీద ప్రింటరేమిటని
వచ్చిన ప్రతివాళ్లూ తిడతారు. తిట్టనీ.

రెండో బెంచీని అటుతిప్పి బిగించారు.
వెనక్కి సముద్రం, ముందుకి గోడ.
తొలిసారి కూర్చున్న రోజు ఇడ్వాల్
చాలాసేపు ఏమీ అనలేదు. ఊపిరి సర్దుకోనిచ్చాడు.
తర్వాత, గోడలో ఒక పలక చూపించి,
"అది నేను చీల్చిందే కావచ్చు" అన్నాడు.
కాసేపటికి, "కాకపోవచ్చు కూడా.
ఆ అంచు వంకర. నేనలా చీల్చను."

కైన్‌వెన్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని
బోల్టులు లెక్కపెడుతోంది.
నాలుగు.
నేను ఆఫీసుకొచ్చి, ప్రింటరు దించి, పీట మీద కూర్చుని
కొత్త అర్జీ మొదలుపెట్టాను.
విషయం: బెంచీని సముద్రం వైపు తిప్పుట గురించి.
మొదటి కాగితం వెల్ష్‌లో.